రోడ్డువైపు మైదానం

హనుమకొండ చౌరస్తాలో ఎర్రదీపం పడింది. నేను ఎక్కిన ఆటో ఒక పాత లారీ వెనక ఆగింది. దీపం మారేదాకా ఆ లారీ ఇంజన్ ఆపలేదు. పచ్చదీపం వెలగగానే ఒక్క ఊపున గుంజి, నల్లటి పొగ మా ముఖాల మీద వదిలి పోయింది. డీజిల్ పొగకు వాసన ఒక్కటే కాదు, రుచి కూడా ఉంటుంది. తుప్పు పట్టిన గొళ్లెం నోట్లో పెట్టుకున్నట్టు నాలుక వెనక తగులుతుంది. ఆ రుచి తగలగానే నా కుడిచేతి మూడు వేళ్లు వాటంతటవే ఎడమ మణికట్టు మీదికి వెళ్లాయి. ఆటో ఆయన అద్దంలో చూసి, "ఏం పెద్దమ్మా, టైం చూస్తాన్నవా? చేతికి గడియారమే లేదు గద" అన్నాడు.

"అలవాటు నాయనా" అన్నాను. నిజానికి అది చెడ్డ అలవాటు. ఎవరి నాడి వాళ్లు చూసుకోకూడదని నాకు నేర్పిన మనిషి పక్కన ఉంటే ఆ వేళ్ల మీద ఒక్కటి వేసేది. ఆమె పేరు సుగుణ. మా బడిలో డ్రిల్లు టీచరు. నేను అదే బడిలో లెక్కల టీచర్ని. ఆమెను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కచ్చితంగా గుర్తున్నదే రాస్తాను. గుర్తులేని చోట గుర్తులేదనే చెబుతాను.

ముందు నా భయం సంగతి చెప్పాలి, లేకపోతే సుగుణక్క నాకు ఏమిచ్చిందో తెలియదు. మాది వరంగల్ బజారులో బట్టల దుకాణం. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. అంతకుముందు ఒక్క రోజు మంచం పట్టిన మనిషి కాదు. ఆ తర్వాత మా ఇంట్లో గుండె అన్న మాటే ఎవరూ ఎత్తేవారు కాదు. అది చెప్పాపెట్టకుండా వచ్చి మనిషిని తీసుకుపోయేదని అందరమూ నమ్మాం. నాకు మెట్లెక్కితే గుండె చప్పుడు వినపడేది. వినపడితే భయం వేసేది. భయం వేస్తే ఇంకా గట్టిగా వినపడేది. బీఈడీ పూర్తిచేసి 1975 జూన్‌లో ఆ బాలికల ఉన్నత పాఠశాలలో చేరేనాటికి నా వయసు ఇరవై నాలుగు, నా భయం వయసు ఐదు.

బడి వరంగల్ నుంచి హనుమకొండకు పోయే పెద్దరోడ్డు మీద ఉండేది. ముందువైపు గేటు, గేటు లోపల కొంత ఖాళీ జాగా. తరగతి గదుల వెనక అసలు మైదానం. చేరిన వారంలోనే ఒక పొద్దున ఆ వెనక మైదానం గోడ దగ్గర నిలబడి డ్రిల్లు చూస్తున్నాను. పిల్లలు చుట్లు ఉరికి వచ్చి కూర్చోలేదు, నీళ్ల కుండ దగ్గరికి పోలేదు. గుండ్రంగా నిలబడ్డారు. ఒక్కో పిల్లా తన ఎడమచేతిని ఒకవైపు పిల్లకు ఇచ్చి, కుడిచేతి మూడు వేళ్లతో రెండోవైపు పిల్ల మణికట్టు పట్టుకుంది. మధ్యలో పొడుగాటి నల్లటి మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపి, కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లతాడుకు ఈల. ఎవరూ మాట్లాడటం లేదు. వరుసగా ఒక్కొక్కరే "దిగింది టీచర్" అంటున్నారు. అన్నవాళ్లు పక్కపిల్ల చెయ్యి వదులుతున్నారు.

ఆ మనిషి నా వైపు తిరిగింది. "దూరంగ నిలబడి చూస్తె ఏం తెలుస్తది లెక్కల టీచరమ్మా? రా, వీళ్ల నడుమ నిలబడు."

వెళ్లి నిలబడ్డాను. ఒక ఎనిమిదో తరగతి పిల్ల నా మణికట్టు పట్టుకుని కాసేపు చూసి, చాలా గంభీరంగా, "టీచర్, ఈ మేడం ఉరకలే గని ఈమె నాడి ఉరుకుతాంది" అంది. అందరూ నవ్వారు. సుగుణక్క నవ్వలేదు. దగ్గరికి వచ్చి నాకు మాత్రమే వినపడేలా చెప్పింది. "నీది మర్చిపో. నీ చేతిల ఉన్న పిల్లది చూడు. అది దిగినంక నాకు చెప్పు." ఆ పిల్ల నాడి కోడిపిల్లలా టకటకా కొట్టుకుంటోంది. దాన్ని వింటూ నిలబడ్డాను. అది నెమ్మదించే వేళకు నాది ఎప్పుడు నెమ్మదించిందో నాకు తెలియలేదు. ఐదేళ్లలో అది మొదటిసారి.

తర్వాత అన్నం తినేటప్పుడు అడిగాను, ఎవరిది వాళ్లు చూసుకుంటే తప్పేమిటని. సుగుణక్క పచ్చిపులుసు కలుపుకుంటూ చెప్పింది. "ఎవలది వాళ్లు చూసుకుంటె భయంతోటి అదింకింత ఉరుకుతది. లేదంటె, ఏం కాలే ఏం కాలే అని దాసిపెట్టుకుంటరు. పక్కోళ్ల చెయ్యైతే దాసేది ఉండది చెల్లె."

ఆమెది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు గట్ల మీద ఉరికి ఉరికి జిల్లా పోటీలదాకా వచ్చింది. అప్పటికి నలభై దాటలేదు. తల్లిని వెంటపెట్టుకుని గిర్మాజిపేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేది. ఆ ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, "నాతోటి సమానంగ ఉరికెటోడు దొరకలే" అనేది. సెలవురోజు సాయంత్రాలు నన్ను హసన్‌పర్తి బస్సు ఎక్కించి చెరువు కట్ట మీద నడిపించేది. మొదట కొద్దిగా, తర్వాత ఇంకొద్దిగా. ఆగినచోట నా మణికట్టు పట్టుకుని, ఆకాశం చూస్తూ నిలబడి, "మంచిగున్నది, నడువు" అనేది. గుండె చెప్పకుండా రాదని, చెప్పేటప్పుడు పట్టుకోవడానికి ఎవరిదైనా చెయ్యి ఉండాలని, ఆ నడకల్లో నాకు తెలిసింది. నాలుగేళ్లలో నేను మేడమెట్లు మామూలు మనిషిలా ఎక్కడం నేర్చుకున్నాను.

1979లో బడి తెరిచేసరికి వెనక మైదానంలో కొత్త గదులు కట్టడం మొదలైంది. ఇసుక కుప్పలు, ఇటుకలు, కంకర. డ్రిల్లు ముందువైపుకు మారింది. కొన్నాళ్ల ముచ్చటే అనుకున్నాం. మరుసటి ఏడు గదులు పూర్తయ్యాయి, అయినా డ్రిల్లు వెనక్కి పోలేదు. వెనక మిగిలిన జాగాలో విరిగిన బెంచీలు పడేశారు, వాటి చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది. పైగా మా హెడ్మిస్ట్రెస్ గారికి ముందువైపు డ్రిల్లు చాలా నచ్చింది. ఆవిడ ఖమ్మం వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారు, పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. మంచి మనిషి, బడి అంటే ప్రాణం. "రోడ్డున పోయేవాళ్లంతా మన పిల్లల్ని చూస్తున్నారు. ఇంతకంటే బడికి ఏం గౌరవం కావాలి?" అనేవారు.

గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, ఊళ్లకు పోయే బస్సులు ఆగేవి. వాటి వెనక మార్కెట్టుకు మిర్చి, పత్తి మోసే లారీలు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ రోడ్డు మీద సైకిళ్లు, రిక్షాలే ఎక్కువ. ఐదేళ్లలో అది తలకిందులైంది. డ్రిల్లు జరిగే వేళకే మొదటి బస్సులన్నీ బయల్దేరేవి. బయల్దేరేముందు చాలాసేపు ఇంజన్లు ఆడుతూనే ఉండేవి. చలికాలం పొద్దుల్లో ఆ పొగ పైకి పోక, గోడ దాటి వచ్చి పిల్లల నడుముల ఎత్తున నిలబడేది.

డ్రిల్లు ముందువైపుకు మారిన మొదటి చలికాలంలోనే ఒకరోజు సుగుణక్క రోడ్డు దాటి పోయి ఒక డ్రైవరుతో మాట్లాడింది. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"అన్నా, జర ఇంజన్ బంద్ చెయ్యరాదె. పిల్లలు ఉరుకుతాన్లు."

"బంద్ చేస్తె మల్ల లేవది టీచరమ్మా. బ్యాటరీ సచ్చిపోయింది. నీ పిల్లలను తోలు, నూకుతరు."

ఆయన ఎగతాళికి అన్నాడు. ఈమె, "సరే, బంద్ చెయ్యి" అంది. డ్రిల్లు అయ్యాక పదో తరగతి పిల్లల్ని తీసుకుని వచ్చి బస్సు వెనక భుజం పెట్టి నూకింది. డ్రైవరు తల దించుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు. బస్సులో ఒక ముసలాయన, "వారెవ్వా, ఈ బండికి ఆడివిల్లలే నయం" అన్నాడు. బండి లేచింది. లేచేటప్పుడు వదిలిన పొగ అంతా నూకినవాళ్ల మీదే పడింది. పిల్లలు నవ్వుతూ, దగ్గుతూ గేటు లోపలికి వచ్చారు. సుగుణక్క కూడా నవ్వుతూనే వచ్చింది కానీ, వచ్చి గోడకు ఆనుకుంది. ఆమె దేనికైనా ఆనుకుని నిలబడగా నేను అంతకుముందు చూడలేదు. హెడ్మిస్ట్రెస్ గారు కబురు పెట్టి గట్టిగా మందలించారు. బస్సులు నూకడం ఆ ఒక్కరోజుతో అయిపోయింది.

ఆ చలికాలంలోనే నా మొదటి పీరియడ్‌కు పిల్లలు ఆలస్యంగా రావడం మొదలైంది. నాకు ఆలస్యం గిట్టదు. ఎందుకని గద్దించాను. "నా పక్కదానిది ఇంకా దిగలే మేడం" అన్నారు. లెక్కలు ఎగ్గొట్టడానికి మంచి ఉపాయం దొరికిందనుకున్నాను. ఒక గడుసుపిల్లను నిలబెట్టి, "నీ పక్కదాని గుండె నా పీరియడ్‌కే ఎందుకు దిగదు? తెలుగు పీరియడ్‌కు దిగుతుందా?" అన్నాను. "తెలుగు రెండో పీరియడ్ కద మేడం, అప్పటికి అదే దిగుతది" అంది. తరగతంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ మర్నాడు గడియారం పెట్టుకుని ముందువైపుకు వెళ్లి నిలబడ్డాను. పిల్లలు అబద్ధం చెప్పలేదు. వలయం నిజంగానే ఎక్కువసేపు నిలబడుతోంది. తర్వాత కొన్ని వారాలు రోజూ చూశాను. ఏదో ఊరేగింపు ఉండి బస్సుల్ని వేరే దారిలో పంపిన పొద్దున వలయం గబగబా విడిపోయింది. మర్నాడు మళ్లీ మామూలే. ఇది పొగ వల్లేనని నేను అనుకోలేదు, కాదనీ అనుకోలేదు. చలి కావచ్చు, తినకుండా వచ్చిన పిల్లలు కావచ్చు. అట్లాంటివన్నీ తీసేస్తేగానీ లెక్క తేలదు. సుగుణక్కతో అదే చెప్పాను.

ఆమె మెడలో ఈల తీసి పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. "నాది చూడు చెల్లె."

వలయం మధ్యలో నిలబడే మనిషి కాబట్టి ఆమె చెయ్యి ఇన్నేళ్లలో ఎవరూ పట్టలేదు. నేను పట్టుకున్నాను. గట్టి నాడి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, తర్వాత ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు నా వేళ్ల కింద నాడి జారిపోయింది. తర్వాత గట్టిగా ఒక దెబ్బ, మళ్లీ మామూలు.

"అక్కా, ఒకటి తప్పింది."

"తప్పుతాంది. బస్సు నూకిన కాడికెళ్లి నాకెరుకైతాంది. డ్రిల్లప్పుడే. ఇంటికి పోతె ఉండది." చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవలకు చెప్పకు. గుండె మంచిగలేని డ్రిల్లు టీచర్ను ఎవలుంచుకుంటరు? అమ్మకు నేనొక్కదాన్నే."

అప్పట్నుంచి నా పాత భయం తిరిగి వచ్చింది. అయితే ఈసారి నా గుండె కోసం కాదు. పొద్దున ఈల మోగగానే నేను తరగతి గది కిటికీ దగ్గరికి పోయేదాన్ని. ఆమె వంగితే భయం, నిలబడితే భయం, ఒక్కక్షణం కనపడకపోతే భయం. డ్రిల్లు అయ్యాక గోడ చాటున చెయ్యి ఇచ్చేది. కొన్ని రోజులు ఏమీ ఉండేది కాదు. కొన్ని రోజులు తప్పేది. పొగ దట్టంగా ఉన్న రోజునే తప్పేదని చెప్పాలని ఉంటుంది, కానీ అంత తేటగా లేదు. ఎక్కువగా ఆ రోజుల్లోనే తప్పేది. అంతవరకే చెప్పగలను.

మరుసటి చలికాలం మొదలవగానే బతిమాలి బతిమాలి ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. మధ్యాహ్నం, బడికి సెలవు పెట్టి. అక్కడి డాక్టరుగారు నెమ్మదిగల మనిషి. మంచం మీద పడుకోబెట్టి గుండె గీతలు తీశారు, చాలాసేపు విన్నారు, కాళ్లు నొక్కి చూశారు. "రోజూ ఉరుకుతరా? తెలుస్తాంది. ఇప్పుడైతే నాకేం కనిపిస్తలేదమ్మా. గుండె గట్టిగున్నది. ఇంకా ఎప్పుడన్న అట్లయితే రండి" అన్నారు. ఆయన చూసిందే చెప్పారు. నేను ఆ కాగితం పట్టుకుని చూశాను. గీతలన్నీ సమానంగా, నేను బోర్డు మీద గీసినంత ఒద్దికగా ఉన్నాయి.

రిక్షా ఎక్కి తిరిగి వస్తున్నాం. ఇద్దరికీ మనసు తేలికైంది. "చూసినవా, ఉత్తగ ఫికర్ చేసినం" అని ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. స్టేషన్ దారిలో రిక్షా ఒక లారీల వరుస వెనక ఇరుక్కుంది. ముందు లారీ కదలదు, పక్కకు పోవడానికి జాగా లేదు. రిక్షా ఆయన తువ్వాల ముక్కుకు కట్టుకున్నాడు. నేను మాట్లాడుతూ ఆమె మణికట్టు పట్టుకునే ఉన్నాను, అలవాటుగా. అక్కడే, ఆ పొగలోనే, మళ్లీ మెట్టు జారింది. కాసేపటికి ఇంకోసారి. నేను ఆమె ముఖం చూశాను. ఆమె ముందున్న లారీనే చూస్తోంది.

"వెనక్కి పోదామక్కా. ఇప్పుడే పోదాం. దవాఖాన దగ్గరే."

"పోయేసరికి మంచిగైతది చెల్లె" అంది. రిక్షా కదిలాక, "నాకు ఉరుకుడు అలవాటున్న గుండె. నాకే గిట్లుంటె, పిల్లల సంగతేంది?" అంది.

ఆ మాటతో ఆమె దారి మారిపోయింది. అప్పటిదాకా దాచుకోవాలనుకున్న మనిషి. మర్నాడే హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్లి డ్రిల్లు వెనక మైదానానికి మార్చమని అడిగింది. నేను తోడు వెళ్లాను. ఆవిడ విన్నారు. "సుగుణా, ఉబ్బసం ఉన్న పిల్లలుంటే చెప్పండి, వాళ్లను కూర్చోబెడదాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పొగ ఏం చేస్తుంది? నేను రోజూ ఆ గేటు ముందే నడుస్తున్నాను, నాకేమైంది?" అన్నారు. ఆ రోజుల్లో ఎవరైనా అట్లాగే అనేవారు. పొగ అంటే కళ్లమంట, దగ్గు. రోడ్డు మీది పొగకూ గట్టి మనిషి గుండెకూ ఏదో సంబంధం ఉంటుందని ఇప్పుడు పత్రికల్లో డాక్టర్లు రాస్తుంటే చదువుతున్నాను. అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేరు.

నేను పిల్లల నాడి ఆలస్యంగా దిగుతోందని చెప్పాను. "అది చలి వల్ల కాదని చెప్పగలరా?" అని ఆవిడ నన్నడిగారు. చెప్పలేనన్నాను. ఉన్న మాట అదే. బయటికి వచ్చాక సుగుణక్క నన్ను తిట్టలేదు. "నువ్వు అబద్ధమాడవని ఆమెకు ఎరుకే. అది మంచిదే. ఇగ నేనే చూపిస్త" అంది. ఏం చూపిస్తావంటే చెప్పలేదు. కానీ నాకు అర్థమైంది, అర్థమయ్యాక ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పిల్లల్ని ఆ రోడ్డు దగ్గర్నుంచి తప్పించాలంటే తన చెయ్యి ఇవ్వాలి. చెయ్యి ఇస్తే ఉద్యోగం పోవచ్చు.

మా బడిలో వార్షికోత్సవం ఆటల్లో టీచర్లకు నడక పందెం ఉండేది. పిల్లలు ఏడాదంతా దానికోసమే ఎదురుచూసేవారు, మమ్మల్ని చూసి నవ్వడానికి. ఆ ఏడు, అంటే 1981 జనవరిలో, పందేనికి ముందు అలవాటు కోసం టీచర్లందరినీ ముందు మైదానంలో నడిపిస్తానని సుగుణక్క చెప్పింది. హెడ్మిస్ట్రెస్ గారు ఉత్సాహంగా ఒప్పుకుని తామే ముందు వచ్చారు. మా అటెండరు యాదమ్మ కూడా కొంగు బిగించింది. "నేను గెలిస్తె నాకు గంట కొట్టుడు మాఫీ చెయ్యాలె మేడం" అంది. పొద్దున్నే, బస్సులు ఆడుతున్న వేళ, మేమంతా గోడ వెంట గబగబా నడిచాం. పిల్లలు ఈలలు వేశారు. నేను నవ్వలేకపోయాను.

నడక అయిపోయాక సుగుణక్క మామూలుగా, "గుండ్రంగ నిలబడుండ్రి" అంది. అందరూ నవ్వుకుంటూ నిలబడ్డారు. ఆమె మధ్యలోకి పోలేదు. వలయంలోకి వచ్చి హెడ్మిస్ట్రెస్ గారి పక్కన నిలబడి ఎడమచెయ్యి ఆవిడకు ఇచ్చింది. నేను ఇటువైపు సుగుణక్క పక్కనే నిలబడి నా చెయ్యి ఆమెకిచ్చాను. నా నాడి ఎంత వేగంగా ఉందో ఆమెకు తెలిసే ఉంటుంది. ముఖం మాత్రం తిప్పలేదు.

కాసేపు గడిచింది. గాజులు సర్దుకుంటూ యాదమ్మ, "ఈమెది కొట్టుకుంటలేదమ్మా, ఉన్నదా పోయిందా" అని తెలుగు టీచర్ని ఆటపట్టిస్తోంది. తెలుగు టీచరు, "నువ్వు గాజు మీద పట్టుకున్నవే" అంటోంది. హెడ్మిస్ట్రెస్ గారు కూడా నవ్వుతూ ఉన్నారు. నేను లోపల ఏం కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. తప్పకూడదనుకున్నాను. తప్పకపోతే ఆమె ఇంత తెగింపూ వృథా అవుతుందనీ అనుకున్నాను. గేటవతల ఒక బస్సు గుంజి బయల్దేరింది. పొగ గోడ మీదుగా వచ్చింది. అప్పుడు ఆవిడ నవ్వు ఆగింది. పట్టు సడలించి మళ్లీ పట్టుకున్నారు, వేళ్లు సరిగ్గా పడలేదేమో అన్నట్టు. తల వంచి విన్నారు. చాలాసేపు విన్నారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే "దిగింది" అంటూ చేతులు వదిలారు. ఆవిడ వదల్లేదు.

"సుగుణా, ఇది ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన చలికాలం నుంచి మేడం. గీ రోడ్డు పక్కకు వచ్చినంక."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నన్నొక్కదాన్నే కూసోవెడుతరు. పిల్లలను ఇక్కడనే ఉరికిస్తరు."

హెడ్మిస్ట్రెస్ గారు ఆ చెయ్యి పట్టుకునే తమ గదిలోకి నడిపించుకుపోయారు. ఆ రోజు బడి ముగిసేలోపు డ్రిల్లు వెనక్కి మార్చారు. యాదమ్మ, టీచర్లు, పెద్దపిల్లలు అందరం కలిసి విరిగిన బెంచీలు మోశాం, తుమ్మ ముళ్లు కొట్టాం. హెడ్మిస్ట్రెస్ గారి చేతికి ముల్లు గుచ్చుకుంటే సుగుణక్కే తీసింది. ముళ్లు తీసిన జాగా కొత్త గదుల వెనక సన్నటి చీలికలా మిగిలింది. అందులో పిల్లలు గుండ్రంగా ఉరకలేరు, పొడుగ్గా ఉరికి తిరిగి రావాలి. రోడ్డు మాత్రం అక్కడికి వినపడదు.

కానీ వారం తిరక్కుండా ఆవిడ సుగుణక్కను మళ్లీ పిలిచారు. ఉద్యోగం ఎక్కడికీ పోదని మాట ఇచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. డ్రిల్లు మాత్రం ఇవ్వనన్నారు. "మిమ్మల్ని ఈలతో నిలబెట్టి నేను ఇంట్లో నిద్రపోలేను. కుట్టు తరగతి తీసుకోండి" అన్నారు. కొత్త డ్రిల్లు టీచరు వచ్చేదాకా ఈల నా మెడలో పడింది. లెక్కల టీచరు డ్రిల్లు చేయిస్తుంటే పిల్లలకు పండగే. సుగుణక్క కుట్టు గది కిటికీలో కూర్చుని, "చెల్లె, అది ఈల, పప్పు గుత్తి కాదు, గట్టిగ ఊదు" అని అరిచేది. అట్లా నవ్వించేది కానీ, ఆ ఏడాదంతా ఆమె వెనక మైదానంలో కాలు పెట్టలేదు. తెల్ల బూట్లు బడికి తొడుక్కుని రావడం మానేసింది. ఒక్కసారి మాత్రం అంది. "దవాఖానోళ్లు మంచిగున్నదనిరి, మన మేడం మంచిగలేదనె. ఇద్దరూ అబద్ధమాడలే చెల్లె. గట్లెట్ల?"

కుట్టు గది బడికి వెనకవైపు. అక్కడ ఆమె నాడి తప్పడం తగ్గింది. పూర్తిగా పోయిందా అంటే చెప్పలేను, ఎందుకంటే కొన్నాళ్లకు చెయ్యి ఇవ్వడం ఆమే మానేసింది. తల్లి పోయాక ముందుగానే ఉద్యోగం మానుకుని నెక్కొండలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. 1987లో, ఎండాకాలం సెలవుల్లో, రైలెక్కి చూడటానికి పోయాను. జుట్టు నెరిసింది. ఇంకా నిటారుగానే ఉంది. చెల్లెలి మనవరాళ్లను పెరట్లో ఉరికిస్తోంది. చెయ్యి చూస్తానంటే వెనక్కి లాక్కుంది. "ఇగ చాలు. దీని సంగతి నేనూ అదీ చూసుకుంటం" అని నవ్వింది. తర్వాత తనే అడిగింది.

"నీ లెక్క తేలిందా? పొగతోటే అయిందా, ఉత్తగనే అయిందా?"

"తేలలేదక్కా. నీ ఒక్కదాని నాడితో అది తేలదు."

"పిల్లలు ఎనకనే ఉరుకుతాన్లా?"

"వెనకనే."

"మరింకేంది" అంది. లేచి నాకు మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. ఆమెను నేను చూడటం అదే చివరిసారి. పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఏమై పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను ఊహించి రాయను.

నేను ముప్పైమూడేళ్లు లెక్కలు చెప్పాను. విడిగా రాసిన అంకె అర్థం లేనిదని, దాని పక్కన అది దేనిదో, ఎక్కడిదో ఉండాలని పిల్లలకు చెప్పి చెప్పి విసిగించాను. గుండెకు కూడా అంతేనని నాకు చూపించింది మాత్రం ఆమె. అందుకే ఎవరైనా వచ్చి, పరీక్షలన్నీ చేయించుకున్నాం, ఏమీ లేదన్నారు అంటే నాకు నిమ్మళం కలగదు. వాళ్లకు ఆ నిమ్మళం చెడగొట్టకూడదని తెలిసినా నోరు ఊరుకోదు. పరీక్ష చేసినప్పుడు ఎక్కడ ఉన్నారు, రోజంతా ఎక్కడ ఉంటారు అని అడుగుతాను. చౌరస్తాలో పండ్లబండి పెట్టుకునే అమ్మాయిని అడిగాను, ట్రాఫిక్‌లో నిలబడే కానిస్టేబుల్ని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు తలాడించి పని చూసుకున్నారు.

పోయిన నెల మా అమ్మాయి నన్ను గుండె పరీక్షకు తీసుకుపోయింది. చల్లని గది, తెల్లటి గోడలు, బయటి చప్పుడు వినపడని అద్దాలు. కుర్ర డాక్టరు కాగితం చూసి, "పెద్దమ్మా, ఈ వయసుకు మీ గుండె చాలా మంచిగున్నది" అన్నాడు.

"ఎక్కడున్నప్పుడు బాబూ?" అన్నాను.

"అమ్మా, ఊకో" అని మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

ఆ డాక్టరు నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, "మీ ఇల్లు ఎక్కడ పెద్దమ్మా? రోడ్డు మీదికేనా?" అని అడిగాడు. సుగుణక్కను ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేరు. నేను చెప్పడం మొదలుపెట్టాను.